అప్‌గ్రేడ్ కన్‌ఫర్మ్ అయిందా, వెయిట్‌లిస్టులోనే ఉందా?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా ఒకే విమాన సంస్థలో తిరుగుతున్నాను, గోల్డ్ సభ్యుణ్ని. 16 నెలల క్రితం విదేశీ ప్రయాణానికి మైల్స్ (తరచూ ప్రయాణించేవారికి సంస్థ ఇచ్చే పాయింట్లు) పెట్టి బిజినెస్ క్లాస్ అప్‌గ్రేడ్ అడిగాను. గేటు దగ్గర నా తర్వాత వచ్చినాయనకు ఆ సీటిచ్చి నన్ను ఎకానమీకి పంపారు. భార్య ముందు తల కొట్టేసినట్టయింది. మెయిల్ ఏదో వచ్చింది, డిలీట్ చేశాను. కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేసి టికెట్ డబ్బు వెనక్కి లాగమని స్నేహితుడంటున్నాడు. కేసు నిలుస్తుందా?

జవాబు: అవమానం గురించి ఇంత రాశారు గానీ, అసలు సంగతి రాయలేదు. అప్‌గ్రేడ్ కన్‌ఫర్మ్ అయిందా, వెయిట్‌లిస్టులో ఉందా?

వెయిట్‌లిస్టయితే కేసు లేనట్టే. అది మీరు పెట్టుకున్న అభ్యర్థన మాత్రమే. చాలా సంస్థలు సభ్యత్వ స్థాయి, టికెట్ ఛార్జీ రకం, అడిగిన సమయం చూసి వరుస పెడతాయి. ఆయన మీకంటే పై స్థాయి సభ్యుడో, డబ్బు కట్టాడో మీకు తెలియదు. ముందు గేటుకొచ్చిన వారిదే సీటని ఎక్కడా ఉండదు. బిజినెస్‌లో ఖాళీలు కనిపించినా అవన్నీ అప్‌గ్రేడ్‌కు వదిలినవి కావు.

తొమ్మిదేళ్ల నమ్మకం అన్న వాదన కూడా బలహీనమే. అమెరికా సుప్రీంకోర్టు 1995లో ఒక మైల్స్ పథకం కేసులో, విమాన సంస్థ తానిచ్చిన మాట తప్పితే ఒప్పంద ఉల్లంఘన దావా వేయవచ్చంది. 2014లో మాత్రం, సభ్యత్వం రద్దయిన ఒకాయన సంస్థ సదుద్దేశంతో నడుచుకోలేదని వాదిస్తే ఒప్పుకోలేదు. రాసిచ్చిన మాట ఉంటేనే పట్టు.

ఆ మాట ఉండే అవకాశమున్న మెయిల్‌నే మీరు డిలీట్ చేశారు! తగవు పెట్టుకోవాలనుకున్నవారు చేసే పనేనా ఇది? ట్రాష్‌లో వెతకండి. టికెట్‌ను బిజినెస్‌లో మళ్లీ జారీ చేసి ఉంటే, కొత్త ఈ-టికెట్‌లో బుకింగ్ క్లాస్ అక్షరం (టికెట్ ఏ తరగతిదో చెప్పే గుర్తు) మారి ఉంటుంది. అది దొరికితే కేసు రూపమే వేరు. దొరక్కపోతే మీ బుకింగ్ చరిత్ర ఇవ్వమని సంస్థకు రాతపూర్వకంగా రాయండి. మైల్స్ స్టేట్‌మెంట్ కూడా తీయండి. మైల్స్ కోసేసి తిరిగి వేయకపోతే, సీటు సంగతి ఎలా ఉన్నా వాటిని అడిగే హక్కు మీకుంది.

స్నేహితుడి సలహా జోలికి మాత్రం వెళ్లకండి. మీరు ఎకానమీలో కూర్చుని గమ్యం చేరారు. సేవ అందలేదని బ్యాంకుకు రాస్తే అది అబద్ధం, పైగా మీ సంతకంతో. సంస్థ ఖాతా మూసేస్తే మిగిలిన మైల్సూ పోతాయి.

గడువు విషయం చూడండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాల పరిహార దావాలకు, దేశాల మధ్య కుదిరిన మాంట్రియల్ ఒప్పందం 35వ అధికరణ ఇచ్చేది 2 సంవత్సరాలే, సాధారణంగా చేరిన రోజు నుంచి లెక్క. సంస్థ ముందుగా ఎత్తే అడ్డు ఇదే. ఉత్తరాలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు. మీకు 8 నెలలున్నాయి. ఈ వారమే నోటీసు పంపండి, నెలలో జవాబు రాకపోతే కాగితాలతో న్యాయవాదిని కలవండి.