ఎనిమిదో పాఠం గురించి

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు వ్యాకరణం రాతప్రతి చదువుతూ ఎనిమిదో పాఠం దగ్గర ఆగిపోయాను. 'రేపు జరిగేది చెప్పాలంటే విల్ వాడాలి, గోయింగ్ టు అన్నా అదే' అని తేల్చేశావు. కోపం వచ్చింది. హనుమకొండ కోచింగుల్లోని పిల్లలు ఈ మాట నమ్మి ఇంటర్వ్యూలకు పోతారు.

ఇంగ్లీషు క్రియకు భవిష్యత్తు కోసం సొంత రూపం లేదు. అందుకే పక్క మాటలు తెచ్చుకుంటుంది. ఏది తెచ్చుకోవాలో 'నీకెట్ల తెలుసు?' అన్న ప్రశ్నే చెప్తుంది. నేను జీవితమంతా ఈ ప్రశ్న పట్టుకునే పాఠం చెప్పాను.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పో. మిర్చి రాశి పోసుకున్న రైతు నల్లబడ్డ మొగులు చూసి 'వానొచ్చేటట్టుంది' అంటాడు. సాక్ష్యం కళ్ళముందే ఉంది, కాబట్టి 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్'. పక్కాయన 'వచ్చే నెల రేటు పెరుగుతది, కోల్డ్ స్టోరేజీలో పెడదాం' అంటాడు. అది ఆయన నమ్మకం: 'ఐ థింక్ ద ప్రైస్ విల్ గో అప్'. అంత ధీమా లేని మూడో ఆయనకు 'మే', 'మైట్' ఉన్నాయి. విల్, గోయింగ్ టు రెండూ చెల్లే చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ తేడా తెలిశాకే ఆ సంగతి చెప్పాలి. నీ పాఠంలో ఈ రైతులెవరూ లేరు, లండన్ పోయే జాన్ ఉన్నాడు.

నా మొదటి గైడులో రైతులే ఉండేవాళ్ళు. ఒక ఎడిటర్ అందరినీ కొట్టేసి జాన్‌ను పెట్టాడు. 'రైతులు పరీక్షలో రారు' అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. అచ్చయిన పుస్తకాన్ని మా ఊరికి తీసుకుపోబుద్ధి కాలేదు. ఇప్పుడు రీల్స్ వాళ్ళదీ అదే దారి, నిమిషంలో టెన్సులన్నీ అయిపోవాలి!

'ఐ, వుయ్ వస్తే షల్' అన్న నియమం తీసెయ్. అది 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణం నాటిది. ఇవాళ ఇంగ్లండులోనే ఎక్కువమంది విల్ అంటున్నారు.

మన పిల్లలు నిజంగా చేసే తప్పులు మాత్రం వదిలేశావు. 'టుమారో ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు. ముందే కుదుర్చుకున్న పనికే ఆ రూపం చెల్లుతుంది, వాన ఎవరితోనూ కుదుర్చుకోదు. 'ఆయన వచ్చినప్పుడు చెప్తా' అనడానికి 'వెన్ హి విల్ కమ్' అంటారు, 'వెన్ హి కమ్స్' అనాలి. 'విల్ ప్రాబబ్లీ' సరే, కాదని చెప్పేటప్పుడు మాత్రం 'ప్రాబబ్లీ వోంట్'.

ఆర్టికల్స్ పాఠం బాగుంది.

ముందు ఆ మార్కెట్ యార్డుకు పోయి, రైతులు రేపటి గురించి అనే మాటలు రాసుకో. ఒక్కోదాని పక్కన అది ఆయనకెట్ల తెలుసో రాయి. ఆ కాగితాలు పంపు, పాఠం తర్వాత రాద్దువు.