పోర్ట్‌ఫోలియో ఎక్కడ పెట్టాలన్నది తర్వాత, ముందు ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యారో చూసుకోండి

బీటెక్ మూడో ఏడాది విద్యార్థి ఒకరు, పోర్ట్‌ఫోలియోకి, అంటే చేసిన పనులు చూపించే సొంత వెబ్‌సైటుకి విక్స్, గూగుల్ సైట్స్, గిట్‌హబ్ పేజెస్‌లో ఏది మంచిదని అడిగారు. కోడ్ రాసేవాళ్లైతే గిట్‌హబ్ పేజెస్, అంటే గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్‌నే వెబ్‌సైటుగా చూపించే సర్వీసు. ఇందులో పెద్దగా ఆలోచించేదేం లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ అకౌంట్ ఏ మెయిల్ మీద తెరుస్తున్నారు?

కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో గూగుల్ సైట్ కడితే, కాలేజీ ఆ మెయిల్ తీసేసిన రోజు సైటుకీ నూకలు చెల్లినట్టే. పైగా అడ్మిన్ బయటివాళ్లకి షేరింగ్ ఆపేసి ఉంటే, మీకూ మీ పక్క బెంచీవాడికీ పేజీ చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరూ అదే కాలేజీ మెయిల్‌లో ఉన్నారు. హెచ్‌ఆర్ తెరిస్తే మాత్రం పర్మిషన్ అడుగుతుంది. కాబట్టి సొంత జీమెయిల్‌తోనే తెరవండి, లింకుని ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో (లాగిన్ లేని విండో) ఒకసారి నొక్కి చూడండి. గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ (విద్యార్థులకి ఉచితంగా ఇచ్చే టూల్స్) కోసం కాలేజీ మెయిల్ కావాలంటే రెండో మెయిల్‌గా కలుపుకోండి, ప్రైమరీగా వద్దు.

ఇక గిట్‌హబ్ పేజెస్. రిపాజిటరీకి (ప్రాజెక్టు ఫైళ్లుండే చోటు) అచ్చంగా మీ యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ అనే పేరే పెట్టండి, పబ్లిక్‌గా ఉంచండి. సెట్టింగ్స్‌లో పేజెస్‌కి వెళ్లి మెయిన్ బ్రాంచ్, రూట్ ఫోల్డర్ ఎంచుకుని సేవ్ చేస్తే చాలు. కనిపించడానికి ఒక్కోసారి 10 నిమిషాల దాకా పడుతుంది. ఈలోపు కంగారుపడి అన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టకండి. సైటు మొత్తం 1 జీబీ దాటకూడదు, విద్యార్థికి అది ఎక్కువే.

అందరూ బోల్తాపడేది ఫొటో దగ్గర. ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగుంటాయి, పైకెక్కించాక ఫొటో ఉండాల్సిన చోట విరిగిన బొమ్మ గుర్తు మిగులుతుంది. ఫోన్ నుంచో కెమెరా నుంచో వచ్చిన ఫైలు చివర జేపీజీ అన్నది చాలాసార్లు క్యాపిటల్స్‌లో ఉంటుంది, మీరు కోడ్‌లో స్మాల్‌లో రాస్తారు. విండోస్‌కి రెండూ ఒకటే, గిట్‌హబ్ సర్వర్‌కి కాదు. ఫైలు పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇండెక్స్ ఫైలు పేరుకీ ఇదే సూత్రం, ఐ క్యాపిటల్ అయితే పేజీ దొరకలేదంటూ 404 వస్తుంది. రెండో గొయ్యి: రిపాజిటరీకి పోర్ట్‌ఫోలియో అని పేరు పెడితే అడ్రస్ చివర ఆ పేరు తగులుకుంటుంది. అప్పుడు కోడ్‌లో స్లాష్‌తో మొదలయ్యే ఫైలు దారులన్నీ తప్పుతాయి. వీట్ అనే టూల్‌తో చేసిన రియాక్ట్ ప్రాజెక్టు తెల్ల పేజీ చూపిస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే, కాన్ఫిగ్‌లో బేస్ దగ్గర ఆ పేరు ఇవ్వండి.

విక్స్ ఫ్రీ ప్లాన్‌లో మీ పేరు కన్నా వాళ్ల ప్రకటనే ముందు కనిపిస్తుంది. అది సరే అనుకున్నా, కట్టిన సైటుని అక్కణ్నుంచి తీసి ఇంకో హోస్టింగ్‌లో పెట్టుకోలేరు. అద్దె ఇంటికి మార్బుల్ వేయించినట్టు!

ప్రాజెక్టు లైవ్ డెమో సంగతి కూడా చెప్పాలి. ప్రాజెక్టుని ఆన్‌లైన్‌లో నడిపే హెరోకు 2022 నవంబర్ 28న ఫ్రీ ప్లాన్ ఎత్తేసింది, దాన్ని నమ్ముకుని రెజ్యూమేలో పెట్టుకున్న లింకులు పడుకున్నాయి. అలాంటిదే రెండర్, దాని ఫ్రీ సర్వీసు 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది. ఖాళీ స్క్రీన్ చూస్తూ అంతసేపు ఎవరు కూర్చుంటారు? 30, 40 సెకన్ల స్క్రీన్ రికార్డింగ్ తీసి పేజీలోనే పెట్టండి. గిట్‌హబ్‌కి బ్రౌజర్ నుంచి ఎక్కిస్తే ఒక్క ఫైలు 25 ఎంబీ దాటనివ్వదు.

అన్నట్టు, జావా 85 శాతం, పైథాన్ 70 శాతం వచ్చని చూపించే ఆ గీతలు ఎవరు కనిపెట్టారో గానీ, దయచేసి తీసేయండి. మిగతా 15 శాతం జావా ఏదని అడిగితే ఏం చెబుతారు?

డిజైన్ విద్యార్థులకి బిహాన్స్ (డిజైన్ పనులు పెట్టుకునే సైటు) నయం, పని చూసేవాళ్లు అక్కడే తిరుగుతుంటారు. తెలుగు పేజీలు, పోస్టర్లు చేసేవాళ్లకి ఒక్క జాగ్రత్త: అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన వాక్యాన్ని కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి, అది యూనికోడ్, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ చదివే తెలుగు, కాదు. పోస్టర్‌ని బొమ్మగా ఎగుమతి చేయండి, కింది వివరణ మళ్లీ యూనికోడ్‌లో కొట్టండి. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

సొంత డొమైన్ కొంటే మొదటి ఏడాది ఆఫర్ ధర కాదు, రెన్యువల్ ధర చూడండి.

రెజ్యూమే పీడీఎఫ్ ఎక్కించే ముందు అందులోంచి ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ తీసేయండి. పబ్లిక్ రిపాజిటరీలో ఒకసారి కమిట్ (సేవ్) అయ్యాక ఫైలు డిలీట్ చేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది, హిస్టరీ నొక్కిన ఎవరికైనా కనిపిస్తుంది.