ఇటలీ కారు మీద మనసు పడింది, ఇప్పుడే కొనవచ్చా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా వయసు 34. హెచ్‌-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 1,45,000 డాలర్ల జీతం. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. మూడేళ్ల పాప ఉంది. నరసరావుపేటలో అమ్మానాన్నలకు పంపే 500 డాలర్లతో కలిపి నెల ఖర్చు 5,500. జీతంలో 10 శాతం 401కె అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాకు వెళ్లగా నెలకు సుమారు 2,000 మిగులుతోంది. బ్యాంకులో 34,000 డాలర్లు ఉన్నాయి. ఇప్పుడు నడుపుతున్నది 2014 నాటి కేమ్రీ. దాని మీద అప్పు లేదు, డీలరు 7,000 ఇస్తానన్నాడు.

నెల కిందట ఆల్ఫా రోమియో జూలియా నడిపి చూశాను. అప్పటి నుంచి మరో కారు కంటికి ఆనడం లేదు. మా బావగారు బీఎండబ్ల్యూ 330ఐ కొనమంటారు, ఆల్ఫాకు తిరిగి అమ్మితే ధర రాదంటారు. ఒక స్నేహితుడు మెర్సిడెస్ సి300 అంటాడు. ఇంకొకడు కొంటే జూలియాలోనే బలమైన రకం, క్వాడ్రిఫోలియోనే కొనాలంటాడు. శనివారం వస్తే మా ఇంట్లో ఇదే చర్చ. కొత్త జూలియా 48,000, కొత్త 330ఐ 50,000 చెబుతున్నారు. మూడేళ్లు వాడిన జూలియా, 28,000 మైళ్లు తిరిగినది, 27,000కు ఉంది. అలాంటిదే 330ఐ 33,000కు ఉంది. కొత్త జూలియాకు చేతి నుంచి 15,000 కట్టి, మిగతాది 6.5 శాతం వడ్డీతో 72 నెలల్లో తీర్చాలని ఆలోచన. అవసరమైతే 401కె కొన్నాళ్లు ఆపుతాను. కొనవచ్చా? లీజు మేలా?

జవాబు: మీరు జూలియానే కొనండి. కానీ ఇప్పుడు వద్దు, కొత్తది వద్దు. ఏడాది ఆగి, మూడేళ్లు వాడినది, అప్పు లేకుండా కొనండి. అందుకు కారణాలు వివరంగా చెబుతాను.

ముందుగా మీ ఇష్టం సంగతి. డబ్బు సలహా అడిగితే కారు మీద ఇష్టాన్నే తప్పుపట్టేవాళ్లు ఉంటారు. నేను ఆ పని చేయను. 1995లో అమెరికా బజారు వదిలి వెళ్లిన కంపెనీ మళ్లీ నిలదొక్కుకోవడానికి తయారుచేసిన బండి ఇది. 2015 జూన్ 24న, సరిగ్గా కంపెనీ పుట్టిన 105వ ఏట, మిలాన్ దగ్గర అరేసేలోని తమ మ్యూజియంలో దాన్ని లోకానికి చూపించారు. వెనక చక్రాలతో నడిచే సెడాన్. ఇంజిను బలాన్ని వెనక్కి చేరవేసే షాఫ్టును కూడా కార్బన్ ఫైబర్‌తో చేశారు. స్టీరింగును కాస్త తిప్పితే చాలు, ముక్కు ఆ వైపు తిరిగిపోతుంది. మామూలు జూలియాకే 280 హార్స్‌పవర్, ఇప్పటి 330ఐ, సి300లకు 255. మోటార్ ట్రెండ్ పత్రిక దీన్ని 2018వ ఏటి మేటి కారుగా ఎంచింది. మీ నిద్ర చెడిందంటే నాకు అర్థమవుతుంది.

ఈ చర్చ మనకు కొత్తదీ కాదు. మీ నాన్నగారిని అడిగి చూడండి. వారి కాలంలో అంబాసిడర్ గొప్పదా, ఫియట్ గొప్పదా అని అరుగుల మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లు. ఆ ఫియట్ కూడా ఇటలీ నమూనాయే. తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగింది. ఆల్ఫా రోమియోను 1986లో కొన్నది అదే ఫియట్ కంపెనీ.

అయితే మీ ఇంట్లో శనివారం జరిగే చర్చలో ఒక మనిషి లేరు. ఆ కారును మూడేళ్ల తర్వాత మీ దగ్గర కొనే మనిషి. డబ్బు లెక్క మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

మీరు పంపిన ధరలే తీసుకుందాం. కొత్త జూలియా 48,000, మూడేళ్లది 27,000. అంటే విలువలో 21,000 డాలర్ల తరుగు. 330ఐ 50,000 నుంచి 33,000కు దిగింది, తరుగు 17,000. మూడేళ్ల కిందట ఈ బండ్ల కొత్త ధర ఇప్పటికన్నా కాస్త తక్కువే ఉండి ఉంటుంది కాబట్టి అసలు తరుగు కొంచెం తగ్గవచ్చు. అయినా తేడా తేడాయే. మీ బావగారు ఆల్ఫాకు అమ్మకం ధర రాదని చెప్పింది నిజం. కొత్తది కొనేవారికి మాత్రం.

రెండో యజమానికి అదే మాట తిరగబడుతుంది. మొదటి యజమాని నష్టపోయిన ఆ 21,000 డాలర్లు మీరు కట్టనవసరం లేని డబ్బు. అదే వయసున్న 330ఐ కన్నా జూలియా మీకు 6,000 తక్కువకు వస్తోంది. మీరు ప్రేమించిన కారును బజారు ఎందుకో తక్కువగా చూస్తోంది. కొనేవారికి ఇంతకన్నా మంచి స్థితి ఉండదు. మూడేళ్ల వయసులో ఆ స్టీరింగు మొద్దుబారదు, ఆ 280 హార్స్‌పవర్‌లో ఒక్కటీ తగ్గదు.

ఇప్పుడు మీరు అనుకున్న పద్ధతి చూద్దాం. 48,000 బండికి కేమ్రీ ఇచ్చేస్తే 7,000 తగ్గుతుంది. టెక్సస్‌లో కార్ల అమ్మకపు పన్ను 6.25 శాతం. పాత బండి డీలరుకే ఇస్తే దాని విలువ పోగా మిగిలిన మొత్తం మీదే పన్ను వేస్తారు. 41,000 మీద అది 2,562 డాలర్లు. మీరు 15,000 కట్టాక అప్పు సుమారు 28,560 మిగులుతుంది. 6.5 శాతానికి 72 నెలలంటే నెలకు 480. మొత్తం మీద వడ్డీ 6,000. ఇందులో డీలరు రుసుములు లేవు, పెరిగే బీమా లేదు.

నెలకు 2,000 మిగిలే ఇంటికి 480 వాయిదా బరువు కాదని మీరు అనవచ్చు. నాకు భయం వాయిదా గురించి కాదు. ఆ 15,000 తీశాక బ్యాంకులో మిగిలే 19,000 గురించి. మీ ఖర్చుకు అది మూడున్నర నెలలకు కూడా చాలదు, ఎందుకంటే కొత్త వాయిదా కూడా వచ్చి చేరుతుంది.

హెచ్‌-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈ దేశంలో ఉండే అనుమతిని చూపే ఐ-94 పత్రం గడువు అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. ఆ 60 రోజుల్లో వేరే కంపెనీ మీ పేరున దరఖాస్తు పెట్టాలి, లేదా మీరు మరో దారి చూసుకోవాలి. ఇంట్లో రెండో జీతం లేదు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇలాంటి రెండు నెలల్లో దాదాపు కొత్త కారును అమ్మకానికి పెట్టింది. కారు పలికిన ధర కన్నా తీరాల్సిన అప్పు ఎక్కువ. తేడా సొంత డబ్బుతో కట్టి తాళాలు అప్పగించారు. ఆ రోజు ఆ తండ్రి ముఖం నాకు ఇంకా గుర్తుంది. మీకు ఆ రోజు రాకూడదు.

కాబట్టి ఆరు నెలల ఖర్చు, అంటే 33,000 డాలర్లు, మీ అత్యవసర నిధి. దాన్ని కారు డబ్బుగా చూడకండి. మీ 34,000లో కారుకు నిజంగా మిగిలేది 1,000 డాలర్లే. చదవడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ నెలకు 2,000 దాచగలిగిన మీకు ఏడాదిలో ఆ 1,000 కాస్తా 25,000 అవుతుంది. అప్పుడు ఇలాంటి 27,000 బండి దొరికితే, కేమ్రీకి అప్పటికీ 7,000 వస్తే, పన్ను 1,250తో కలిపి మీరు కట్టేది 21,250. కేమ్రీ విలువ ఏడాదిలో కొంత తగ్గినా లెక్క తలకిందులు కాదు. ఇంకా 3,750 చేతిలో ఉంటుంది. వాయిదా లేదు, వడ్డీ లేదు, 33,000 కదలలేదు.

ఆ 3,750 మిగులు డబ్బని మురిసిపోకండి. దానికి అప్పుడే పని ఉంది. అమెరికాలో జూలియాకు కొత్తప్పుడు ఇచ్చే వారంటీ నాలుగేళ్లు లేదా 50,000 మైళ్లు, ఏది ముందు ముగిస్తే అది. మూడేళ్ల బండికి ఒక్క ఏడాదే మిగులుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి మరమ్మతూ మీ జేబులోంచే. అమ్మకాలు తక్కువ ఉన్న కారుకు డీలర్లు తక్కువ, బయటి మెకానిక్కులు ఇంకా తక్కువ, విడిభాగాల కోసం ఎదురుచూపులు ఎక్కువ. 330ఐ కన్నా మీకు కలిసివచ్చిన 6,000ను ఈ లోటుకు బజారు ముందే చెల్లించిన పరిహారంగా చూడండి. ఇప్పటి 3,750తో మరమ్మతు ఖాతా విడిగా తెరవండి. కారు చేతికొచ్చాక నెలకు 200 చొప్పున వేస్తూ పోతే ఏడాదికల్లా 6,000 దాటుతుంది, వారంటీ అయిపోయేనాటికి మీరు సిద్ధంగా ఉంటారు.

ఎంచుకునేటప్పుడు 2017, 2018 నాటి తొలి బండ్ల జోలికి వెళ్లకండి. వాటి ఎలక్ట్రానిక్ ఇబ్బందుల మీద అప్పట్లోనే చాలా ఫిర్యాదులు వచ్చాయి. సర్వీసు కాగితాలు లేని బండి ఎంత మెరిసినా వదిలేయండి. డబ్బు కట్టకముందు డీలరుతో సంబంధం లేని మెకానిక్కుతో పరీక్ష చేయించండి. ఆ రుసుము చూసి వెనకాడకండి.

క్వాడ్రిఫోలియో కొనమన్న స్నేహితుడి సంగతి. 2.9 లీటర్ల వి6 ఇంజిను, 505 హార్స్‌పవర్, 1923 టార్గా ఫ్లోరియో పందెం నాటి నాలుగాకుల గుర్తు. అందమైన బండే. కొందరు యజమానులు దానికి కార్బన్ సిరామిక్ బ్రేకులు ఎంచుకున్నారు. అవి అరిగినప్పుడు మార్చే ఖర్చు మీ నెల ఖర్చును దాటిపోగలదు. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి అది తగదు. సి300 విషయంలో నేను ఎక్కువ చెప్పను. లోపలి సౌఖ్యం మీకు ముఖ్యమైతే మంచి బండి, కానీ మీ ఉత్తరంలో ఎక్కడా మీరు దాని పేరు ఇష్టంగా రాయలేదు.

లీజు, అంటే కారును కొన్నేళ్లు నెలవారీ అద్దెకు తీసుకుని తిరిగి ఇచ్చేయడం గురించి అడిగారు. తరుగు బాధ మనది కాదు, కంపెనీది అనే నమ్మకంతో చాలామంది లీజుకు వెళతారు. నిజానికి లీజు వాయిదాలో పెద్ద భాగం ఆ తరుగే. గడువు చివర కారు విలువ ఎంత ఉంటుందో ముందే అంచనా కట్టి, తగ్గే మొత్తాన్ని నెలలకు పంచుతారు. త్వరగా విలువ పడిపోయే కారుకు, కంపెనీ సొంతంగా రాయితీ ఇస్తే తప్ప, లీజు చవకగా రాదు. దాని మీద వడ్డీని మనీ ఫ్యాక్టర్ అనే చిన్న దశాంశంలో చెబుతారు. ఆ సంఖ్యను 2400తో గుణించండి, అసలు వడ్డీ శాతం బయటపడుతుంది. 0.003 అంటే 7.2 శాతం. అన్నిటికన్నా ముఖ్యం, హఠాత్తుగా దేశం వదలాల్సి వస్తే లీజును మధ్యలో తెంచుకోవడం చాలా ఖర్చుతో కూడిన పని. మీ వీసా పరిస్థితిలో నేను దానికి ఒప్పుకోను.

కారు అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు వచ్చిందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ దాకా ఉన్న మాట నిజమే. కానీ అది అమెరికాలో చివరి బిగింపు జరిగిన కొత్త కార్లకే. జూలియా ఇటలీలోని కసీనో ఫ్యాక్టరీలో తయారవుతుంది. ముందు అద్దం అడుగున వాహన గుర్తింపు సంఖ్య చూడండి, జెడ్ అక్షరంతో మొదలైతే అది ఇటలీ బండి. 330ఐ జర్మనీ లేదా మెక్సికో నుంచి వస్తోంది, సి300 కూడా విదేశం నుంచే వస్తోంది. మీ ముగ్గురి వాదనలో ఎవరికీ ఈ మినహాయింపు ఉపయోగపడదు.

ఇక 401కె. దాన్ని ఆపవద్దు, ఒక్క నెల కూడా. అది ఆపితే మీ ఆదాయానికి ఫెడరల్ పన్ను పై మెట్టు 22 శాతం. ఆ ఖాతాకు వెళ్లే 100 డాలర్లు ఆపితే చేతికి వచ్చేది సుమారు 78. మీ కంపెనీ తన వంతు జోడిస్తూ ఉంటే అదీ పోతుంది. 34 ఏళ్ల వయసులో దాచిన డబ్బుకు పెరగడానికి ముప్పై ఏళ్లున్నాయి. ఒక కారు కోసం ఆ ఏళ్లను పోగొట్టుకోకండి.

ఈ వారం చేయాల్సినవి రెండే పనులు. 33,000ను ఎక్కువ వడ్డీ ఇచ్చే వేరే పొదుపు ఖాతాకు మార్చి, నెలనెలా 2,000 మరో ఖాతాకు దానంతట అదే వెళ్లేలా ఏర్పాటు చేయండి. తర్వాత బీమా కంపెనీకి ఫోను చేసి, మూడేళ్ల జూలియాకు, మూడేళ్ల 330ఐకి ప్రీమియం ఎంతో రెండూ అడగండి. తేడా ఊహించినదానికన్నా ఎక్కువైతే నాకు రాయండి, నెలకు దాచే మొత్తం మళ్లీ లెక్క వేద్దాం.

కేమ్రీ టైర్లు ఎలా ఉన్నాయో కూడా చూడండి. అరిగి ఉంటే ఈ నెలలోనే మార్చించండి. పాప వెనక సీట్లో కూర్చునేది ఇంకో ఏడాది ఆ బండిలోనే.