బాణం మీటల కంటే ముందు చూసుకోవాల్సింది

తమ్ముడూ,

నువ్వు రాసిన షెల్, అంటే టైప్ చేసిన కమాండ్లని నడిపే ప్రోగ్రామ్, దాని కోడ్ చదివాను. కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్, అందులోకి వేరే ప్రోగ్రామ్ ఎక్కించే ఎగ్జెక్, అది ముగిసేదాకా ఆగే వెయిట్, ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి అందించే పైపులు అన్నీ చక్కగా కుదిరాయి. ఇప్పుడేమో పైబాణం నొక్కితే పాత కమాండ్ రావాలి, ట్యాబ్ నొక్కితే ఫైలు పేరు పూర్తవ్వాలి అంటున్నావు. అవెక్కడికీ పోవు కానీ, ముందు టెర్మినల్‌ని తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగివ్వడం చూసుకో.

ఇప్పటిదాకా నువ్వు ఎంటర్ కొట్టేవరకు లైనంతా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దగ్గరే ఉండేది, బ్యాక్‌స్పేస్ కూడా అదే చూసుకునేది. బాణం మీటలు కావాలంటే ఆ పని నీ నెత్తినేసుకోవాలి, అంటే టెర్మినల్ సెట్టింగులుండే టెర్మియోస్‌లో ఐకానన్ (లైను లైనుగా అందించడం), ఎకో (టైప్ చేసింది తెరమీద చూపడం) రెండూ ఆపాలి. ఆపే ముందు పాత సెట్టింగులు దాచిపెట్టు, ఏ కమాండ్ నడపాలన్నా ముందు వాటిని తిరిగి పెట్టు, అది ముగిశాక మళ్ళీ నీ మోడ్‌లోకి రా. మొదట్లో నేనిది మర్చిపోయాను. షెల్ క్రాష్ అయింది, ఏం టైప్ చేసినా కనబడదు, కీబోర్డ్ పోయిందనుకుని కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను! నీకూ అలా అయితే కనబడకపోయినా సరే 'ఎస్‌టీటీవై సేన్' (stty sane, టెర్మినల్‌ని మామూలు స్థితికి తెచ్చే కమాండ్) అని కొట్టి కంట్రోల్-జె నొక్కు.

పైబాణం నొక్కితే మామూలుగా 27, 91, 65 అని మూడు బైట్లు వస్తాయి, కాబట్టి 27 కనబడగానే ఎస్కేప్ మీట అనేసుకోకు, వెనకాల ఇంకేమైనా వస్తోందేమో కాస్త ఆగి చూడు. బ్యాక్‌స్పేస్‌ని కూడా బైట్ల లెక్కన రాయకు. మన 'క్రి' చూడ్డానికి ఒక్క అక్షరమే, కానీ యూనికోడ్‌లో 4 కోడ్ పాయింట్లు (క, పొల్లు, ర, గుడి), యూటీఎఫ్-8లో 12 బైట్లు. అందులో ఒక్క బైటు చెరిపితే మిగిలేది చెత్తే.

కంట్రోల్-సి దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆ మీట నొక్కితే వచ్చే సిగ్‌ఇంట్ (ఆపమనే సిగ్నల్)ని షెల్ పట్టించుకోకుండా వదిలేస్తే ఆ గుణం ఎగ్జెక్ తర్వాత పిల్ల ప్రాసెస్‌కీ అంటుకుంటుంది, అప్పుడు స్లీప్ లాంటి కమాండ్‌ని కూడా ఆపలేవు. అందుకే ఫోర్క్ అయ్యాక, ఎగ్జెక్‌కి ముందు, పిల్లలో దాన్ని డీఫాల్ట్‌కి మార్చు. జాబ్ కంట్రోల్ (కమాండ్లని ముందుకీ వెనక్కీ మార్చి నడపడం) పెడితే, వెనకున్న ప్రాసెస్ టెర్మినల్‌ని ముట్టుకుంటే వచ్చే సిగ్‌టీటీఓయూ సిగ్నల్‌ని షెల్‌లో ఇగ్నోర్ చెయ్యి, లేకపోతే టెర్మినల్‌ని వెనక్కి తీసుకోబోయి నీ షెల్లే ఆగిపోతుంది.

హిస్టరీ అంటావా, అది ఒక ఉత్త లిస్టు, సాయంత్రానికి అయిపోతుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్ టెర్మినల్ కాకపోతే మాత్రం ఇవేవీ పనిచెయ్యకూడదు, అది టెర్మినలో కాదో చెప్పే ఐజ్‌ఏటీటీవై (isatty) ఫంక్షన్‌తో చూసుకో.

ఇంకో మాట. కోడ్ ముట్టుకోకముందే నీ షెల్‌ని ఆర్‌ఎల్‌రాప్ (rlwrap, వేరే ప్రోగ్రామ్‌కి లైన్ ఎడిటింగ్ తగిలించే చిన్న టూల్) కింద పెట్టి ఓ వారం వాడు. హిస్టరీ, లైన్ ఎడిటింగ్ ఊరికే వచ్చేస్తాయి. ఆ వారంలో దేనికోసం నీ చెయ్యి మాటిమాటికీ పోతుందో అది ముందు రాయి.