డీజిల్ ట్రక్కుకు పది వేల డాలర్లు అదనం: మైలేజీతో తిరిగి వస్తాయా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగులం, జీతాలు కలిపి ఏడాదికి 2,70,000 డాలర్లు. ఈమధ్యే 8,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నాం. దాన్ని లాగడానికి ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ట్రక్కు తీసుకోవాలనుకుంటున్నాం. 7.3 లీటర్ల గ్యాస్ (పెట్రోలు) ఇంజిన్ కంటే 6.7 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు దాదాపు 10,000 డాలర్లు ఎక్కువ. హైవే మీద పెట్రోలు బండి గాలన్‌కు 15 మైళ్లు, డీజిల్ బండి 20 మైళ్లు ఇస్తుందనీ, అదనంగా కట్టింది నాలుగైదేళ్లలో వచ్చేస్తుందనీ ఒక మిత్రుడు చెబుతున్నాడు. ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాం. అందులో 3,000 ట్రైలర్‌తో, 5,000 ట్రైలర్ లేకుండా హైవే మీద, 4,000 ఊళ్లో. ఊళ్లో అంటే ఎక్కువగా ఎనిమిది మైళ్ల దూరంలోని ఆఫీసుకే. ట్రక్కు వచ్చాక పాత క్యామ్రీ కారు అమ్మేద్దామని ఉంది. ట్రక్కును పదేళ్లు ఉంచుకుంటాం. ఎల్‌ఎల్‌సీ (సొంత చిన్న కంపెనీ) పెడితే ట్రక్కు ఖరీదు మొత్తాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా తీసేయించుకోవచ్చని కూడా కొందరు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: పెట్రోలుదే కొనండి. మీ మిత్రుడు చెప్పిన మైలేజీ అంకెలు నమ్మదగినవే. ఆయన మరిచిపోయింది బంకులో డీజిల్ ధర.

పెట్రోలు గాలన్ 2.80 డాలర్లు, డీజిల్ 3.40 అనుకుందాం. ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి మీరు లెక్క వేసే రోజున మీ ఊరి ధరలు వేసుకోండి. 2.80ని 15తో భాగిస్తే మైలుకు 18.7 సెంట్లు. 3.40ని 20తో భాగిస్తే 17 సెంట్లు. డీజిల్ బండికి ఇది చాలదు, డెఫ్ అనే యూరియా ద్రవం కూడా పోయాలి. 2010 నాటి కాలుష్య నిబంధనల తర్వాత పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి వచ్చిన ఏర్పాటు ఇది. తాగిన డీజిల్‌లో రెండున్నర శాతం చొప్పున, గాలన్ నాలుగున్నర డాలర్ల లెక్కన వేస్తే మైలుకు మరో అర సెంటు దాటుతుంది. మొత్తం 17.6 సెంట్లు. అంటే హైవే మీద డీజిల్ వల్ల మిగిలేది మైలుకు 1.1 సెంట్లు. దాంతో పది వేల డాలర్లు రాబట్టాలంటే తొమ్మిది లక్షల మైళ్లు నడపాలి. మీరు హైవే మీద ఖాళీగా తిరిగేది ఏడాదికి 5,000 మైళ్లు.

15కూ 20కీ మధ్య తేడా చూడగానే 33 శాతం లాభమనిపిస్తుంది. నిజానికి అందులో దాదాపు సగం ఇంజిన్ గొప్పతనం కాదు. గాలన్ డీజిల్‌లో గాలన్ పెట్రోలు కంటే సుమారు 14 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది, ఆ ఎక్కువకు బంకులో డబ్బు కడుతూనే ఉన్నారు. మిగతాది మాత్రం ఇంజిన్‌దే. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ. పైగా పెట్రోలు ఇంజిన్ హైవే మీద తేలిగ్గా పోతున్నప్పుడు థ్రాటిల్ (గాలి లోపలికి వచ్చే కవాటం) సగం మూసుకుని గాలి పీల్చుకోవడానికే కష్టపడుతుంది, డీజిల్‌కు ఆ బాధ లేదు. ధరలోని తేడాలో కొంత పన్ను కూడా ఉంది. ఫెడరల్ పన్ను పెట్రోలు గాలన్‌కు 18.4 సెంట్లు, డీజిల్‌కు 24.4. టెక్సస్ రాష్ట్రం మాత్రం రెండింటికీ 20 సెంట్లే తీసుకుంటుంది.

ఇక ఊళ్లో తిరిగే 4,000 మైళ్ల సంగతి. పెట్రోలు బండి గాలన్‌కు 12, డీజిల్ 14 ఇస్తాయనుకుంటే పెట్రోలుకు మైలుకు 23.3 సెంట్లు, డెఫ్‌తో కలిపి డీజిల్‌కు 25 సెంట్లు దాటుతుంది. ఇక్కడ డీజిల్‌కే ఖర్చు ఎక్కువ! ట్రైలర్ కట్టినప్పుడు పెట్రోలుకు 9, డీజిల్‌కు 12 వేద్దాం. మైలుకు 31.1 సెంట్లు, 29.3 సెంట్లు వస్తాయి, డీజిల్ వైపు 1.8 సెంట్లు మిగులు. అన్నీ కలిపితే ఏడాదికి పెట్రోలు 1,000 గాలన్లు, 2,800 డాలర్లు. డీజిల్ 786 గాలన్లు, డెఫ్‌తో సహా సుమారు 2,760 డాలర్లు. తేడా నలభై డాలర్లు. ఫ్రిస్కోలో నలుగురు ఒకసారి బిర్యానీ తింటే అయిపోయే డబ్బు.

రెండు ఇంధనాల ధరా ఒక్కటే అయిన మంచి రోజులు వచ్చాయనుకున్నా ఏడాదికి మిగిలేది 500 డాలర్ల పైచిలుకు. అప్పటికీ అసలు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది.

ఆ పది వేలు కూడా పది వేలుగా ఆగవు. టెక్సస్ వాహన పన్ను 6.25 శాతం, అంటే మరో 625 డాలర్లు. ఆ పది వేలనే ఏడు శాతం వడ్డీతో ఆరేళ్ల అప్పులో కలిపితే నెలకు 170 డాలర్లు, చివరికి కట్టింది 12,275 అవుతుంది. ఆయిల్ మార్చినప్పుడు ఆ డీజిల్ ఇంజిన్‌కు 13 క్వార్టులు కావాలి, పెట్రోలుకు ఎనిమిది సరిపోతాయి. ఇంధనం ఫిల్టర్లు వేరు. వారంటీ దాటాక ఇంజెక్షన్ పంపు పాడై లోహపు పొడి ఇంధన వ్యవస్థంతా పాకితే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. అమ్మేటప్పుడు డీజిల్ బండికి ఎక్కువ ధర పలికే మాట నిజమే, కట్టిన అదనంలో కొంత అలా తిరిగి వస్తుంది. పదేళ్ల తర్వాత సగం వచ్చినా మిగతా సగాన్ని ఇంధనం పూడ్చలేదని పై లెక్క చెబుతోంది.

మీ ఎనిమిది మైళ్ల ఆఫీసు ప్రయాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అప్పుడప్పుడూ బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలి. అందుకు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. ఇంజిన్ వేడెక్కేలోగా ఆఫీసు వచ్చేస్తే ఆ పని మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది, దానికోసం అదనంగా డీజిల్ కాలుతుంది. అమెరికాలో డీజిల్ ట్రక్కు కొని దానితో పిల్లల్ని బడికి దింపి వచ్చేవారిని చూసినప్పుడల్లా నాకు జాలేస్తుంది, మనుషుల మీద కాదు, బండి మీద.

క్యామ్రీ అమ్మకండి. ఆ 4,000 మైళ్లూ గాలన్‌కు 30 చొప్పున అదే తిరిగితే 133 గాలన్లు చాలు, పెట్రోలు ట్రక్కుకైతే 333 కావాలి. 200 గాలన్లు, అంటే 560 డాలర్లు మిగులుతాయి. డీజిల్ ఇస్తానన్న నలభైతో పోల్చి చూడండి. క్యామ్రీ రిజిస్ట్రేషన్‌కూ, లయబిలిటీ బీమాకూ (ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది) అయ్యే ఖర్చు ఆ 560లో చాలా భాగం తినేయవచ్చు, ఆ కొటేషన్ ముందు తెప్పించుకోండి. సరిసమానంగా ఉన్నా నేనైతే ఉంచుకుంటాను. ట్రక్కు మీద ఏడాదికి 4,000 మైళ్లు తక్కువ పడితే అమ్మేనాటికి దాని విలువ నిలుస్తుంది.

మీ మిత్రుడి 15, 20 అంకెలు కంపెనీ స్టిక్కరు మీద ఎందుకు కనబడవో కూడా తెలిసి ఉండాలి. మొత్తం అనుమతించిన బరువు 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకు ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) మైలేజీ స్టిక్కరు అవసరం లేదు. ఫోర్డ్‌లోనే చిన్నదైన ఎఫ్-150 అద్దం మీద మైలేజీ కనబడుతుంది, ఎఫ్-250 మీద కనబడదు. కాబట్టి ఈ బండ్ల విషయంలో చలామణీ అయ్యే అంకెలు యజమానులు చెప్పేవి, డ్యాష్‌బోర్డు చూపించేవి. డ్యాష్‌బోర్డు తరచుగా కాస్త ఉదారంగానే చూపిస్తుంది. ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపి, మైళ్లను గాలన్లతో భాగించినవారి మాటే వినండి. ఏ వేగంతో నడిపారో కూడా అడగండి. గంటకు 65 మైళ్ల నుంచి 75కు పెరిగితే గాలి అడ్డు మూడో వంతు పెరుగుతుంది. గోడలా నిలబడే ఇంత ఎత్తు ముందుభాగానికి అది చిన్న సంగతి కాదు. ఆస్టిన్ దగ్గర 85 మైళ్ల వేగం అనుమతించే ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద ఏ ట్రక్కూ 20 చూపించదు. సస్పెన్షన్ ఎత్తు పెంచడం, లావుపాటి గరుకు టైర్లు వేయడం కూడా అంతే. అందం కోసం వేస్తారు, బంకులో కడతారు.

గాలన్‌కు ఎన్ని మైళ్లు అనే కొలత మనల్ని తప్పుదారి పట్టిస్తుంది కూడా. 15 నుంచి 20కి అయిదు పెరిగింది, 9 నుంచి 12కు మూడే పెరిగింది. అయితే 100 మైళ్లకు మొదటిదాంట్లో ఆదా 1.7 గాలన్లు, రెండోదాంట్లో 2.8. మన దేశంలోని చదువరులకు ఈ అంకెలు వింతగా ఉంటాయేమో. గాలన్‌కు 15 మైళ్లంటే లీటరుకు 6.4 కిలోమీటర్లు, 20 అంటే 8.5.

ఇంతకీ డీజిల్ ఎవరికి? 14,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను (ట్రక్కు తొట్టిలో తగిలించే పెద్ద ట్రైలర్) ఏటా కొలరాడో కొండల్లోకి లాగేవారికి. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు మూడు శాతం బలం కోల్పోతుంది, టర్బో డీజిల్ పెద్దగా కోల్పోదు. దిగేటప్పుడు డీజిల్ బండిలో పొగను అడ్డగించి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు బండిని పట్టి ఉంచుతుంది. ఆ నిమ్మళానికి పది వేలు పెడతానంటే నేను అడ్డు చెప్పను. దాన్ని మైలేజీ పేరుతో సమర్థించుకోవడమే నాకు నచ్చదు. 8,000 పౌండ్లను 7.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్ హాయిగా లాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త అరుస్తుంది, అంతే.

పన్ను మాట. మొత్తం అనుమతించిన బరువు 6,000 పౌండ్లు దాటిన వ్యాపార వాహనాలకు పన్ను చట్టంలోని సెక్షన్ 179 కింద పెద్ద మినహాయింపు ఉందన్నది నిజం. వెనక తొట్టి ఆరడుగులకు తగ్గని పికప్‌లకు ఎస్‌యూవీల పరిమితి కూడా వర్తించదు. కానీ వాడకంలో సగానికి పైగా వ్యాపారం కోసమే ఉండాలి, దానికి మైళ్ల లాగ్ బుక్కు ఉండాలి. కుటుంబంతో క్యాంపింగుకు వెళ్లడం ఏ ఎల్‌ఎల్‌సీకీ వ్యాపారం కాదు. విందుల్లో ఈ సలహా ఇచ్చేవారు ఆడిట్ రోజున మీ పక్కన కూర్చోరు. 2025లో వచ్చిన కారు అప్పు వడ్డీ మినహాయింపు మరొకటి ఉంది. 2028 దాకా, అమెరికాలో తుది అసెంబ్లీ జరిగిన కొత్త బండికి, ఏడాదికి 10,000 డాలర్ల వడ్డీ వరకు. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో తయారయ్యే ఎఫ్-250 దీనికి అర్హమే, మెక్సికోలోని సాల్టియోలో తయారయ్యే పోటీ ట్రక్కు రామ్ 2500 కాదు. అయితే దంపతుల ఆదాయం రెండు లక్షలు దాటాక ప్రతి వెయ్యికీ 200 డాలర్ల చొప్పున మినహాయింపు తగ్గిపోతుంది. ఇద్దరూ 401(కె) అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో 2025 పరిమితి 23,500 చొప్పున పూర్తిగా వేసి ఆదాయాన్ని 2,23,000కు దించినా కోత 4,600 అవుతుంది. 60,000 అప్పు మీద ఏడు శాతం చొప్పున ఏ ఏడాదీ మీ వడ్డీ అంత ఉండదు. మీకు వచ్చేది సున్నా.

డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు డ్రైవరు తలుపు తెరిచి చౌకట్టు మీది పసుపు తెలుపు స్టిక్కరు చదవండి. మనుషులూ సామానూ కలిపి ఆ బండి ఎంత మోయవచ్చో పౌండ్లలో ఉంటుంది. మీ ట్రైలర్ ముక్కు బరువు 800 నుంచి 1,200 పౌండ్లు హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. డీజిల్ ఇంజిన్ తానే బరువు కాబట్టి అదే మోడల్‌లో డీజిల్ బండి మోసేది తక్కువ. రెండు స్టిక్కర్లనూ పక్కపక్కన ఫొటో తీసుకుని, కుటుంబం బరువూ సామాను బరువూ ఇంట్లో తూచి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.