వలస మందలో పిడుదుల వైరస్: గొర్రెపిల్లల రక్తం తీయించండి

ప్రశ్న: మాకు 120 గొర్రెలు, 3 ఆవులు ఉన్నాయి. ఎండాకాలం మందను మేపుకు వలస తోలుతాం. ఈసారి పిడుదులు విపరీతంగా పట్టాయి. గుజరాత్‌లో పిడుదులతో మనుషులకు ప్రాణం తీసే జ్వరం వచ్చిందని విన్నాం. మా మందలో ఆ వైరస్ ఉంటే ఎలా తెలుస్తుంది?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీరు విన్నది క్రిమియన్ కాంగో జ్వరం. మన దేశంలో 2011 జనవరిలో అహ్మదాబాద్ జిల్లాలో తొలిసారి బయటపడింది. రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు.

మందను చూసి మాత్రం కనిపెట్టలేరు. వైరస్ సోకినా గొర్రె మామూలుగానే మేస్తుంది. రక్తంలో వైరస్ ఉండేది వారం రోజులే. వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు చాలాకాలం మిగులుతాయి కాబట్టి వాటినే వెతకాలి. ముసలి గొర్రెలో అవి కనిపిస్తే ఏ ఏడు, ఏ ఊళ్లో అంటిందో చెప్పలేం. అందుకే ఆరు నెలలు దాటిన, ఏడాదిలోపు గొర్రెపిల్లల రక్తం తీయమని మీ పశువైద్యుణ్ని అడగండి. వాటిలో కనిపిస్తే వైరస్ ఈమధ్యే తిరిగినట్టు. గుర్తుకు నంబరున్న చెవిపోగులు వేయించి, వలసకు ముందు, తిరిగొచ్చాక అవే జీవాల నుంచి తీయిస్తే ఇంకా మంచిది.

పిడుదులూ కావాలి. ఈ వైరస్‌ను మోసేది ముఖ్యంగా హయలోమా జాతి. దాని కాళ్ల మీద లేత రంగు పట్టీలుంటాయి. ముందు ఆవుల పొదుగు దగ్గర, తోక కింద చూడండి. గోళ్లతో నలపడం, రాయితో చితకడం మన కాపరులకు అలవాటు, దయచేసి మానండి. ఆ రక్తం చేతి గాయానికి తగిలినా చాలు. చేతి తొడుగు వేసుకుని పట్టకారుతో తీసి, తడి దూది ఉన్న సీసాలో వేసి మూత బిగించండి. ఏ జీవం, ఏ ఊరు, ఏ తేదీ రాసి అంటించండి.

నమూనాలు తీశాకే మందు కొట్టండి. అమిట్రాజ్ 12.5 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ. కలిపి ఒంటికీ, కొట్టం గోడల పగుళ్లకూ కొట్టాలి. సామాన్లు మోసే గుర్రాలకు, గాడిదలకు ఇది వద్దు, వాటికి విషం.

యాంటీబాడీలు తేలినంత మాత్రాన జీవాల్ని అమ్ముకోనక్కర్లేదు. కానీ పిడుదు కుట్టాకో, మాంసం కోశాకో రెండు వారాల్లోపు ఇంట్లో ఎవరికైనా తీవ్ర జ్వరం వస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. పిడుదుల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.