ఏ ఊరి సేరు నాయనా?

నాయనా,

నీ కథ చదివినా. 1950 నాటి జమ్మలమడుగు, అవ్వ మనవణ్ణి అంగడికి పంపిచ్చే సీను బాగా కుదిరింది, కానీ "అర లీటరు కిరసనాయిలు తేపో" అని ఆమె నోట పెట్టినావే, అక్కడ ఆగిపోయినా. లీటరు అనేది 1795లో ఫ్రాన్సోళ్లు పెట్టుకున్న కొలత, మన దేశంలో మెట్రిక్ చట్టం వచ్చింది 1956లో, అది అంగళ్ల దాకా దిగేదానికి ఇంకొన్నేండ్లు పట్టింది. ఆ అవ్వకు లీటరు యాడ తెలుస్తుంది చెప్పు?

సరే అని సేరు రాస్తావేమో, అదీ అంత సులువు కాదబ్బా. ఉత్తరాది సేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. మద్రాసు లెక్కలో సేరంటే 24 తులాలే, 280 గ్రాములకు అటూ ఇటూ, అట్లాంటివి అయిదైతే వీశె, ఎనిమిది వీశెలు మణుగు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే గదా. పైగా ఇవి తూకం సేర్లు, పాత్రతో కొలిచే సేరు వేరే, పేరు మాత్రం ఒకటే.

ఇంక చటాకు. కథలో ముసలాయన "చటుక్కున తాగేస్తారు గాబట్టి చటాకు" అంటాడు, నవ్వొచ్చింది, కానీ కింద నోటులో నువ్వే అదే నిజమని రాసినావు! అది హిందీ ఛటాంకు, ఆరు టంకాలు అని అర్థం, టంకం ఒక పాత తూకం. ఉత్తరాది 80 తులాల సేరులో 16వ వంతు, అంటే 5 తులాలు. ఆ మాటకొస్తే లీటరు మూలమైన గ్రీకు లిత్ర కూడా తూకమే, తూచే మాటలే పోసేవాటికీ వచ్చినాయి. వినసొంపుగా ఉందని వ్యుత్పత్తి నమ్మొద్దు, ముందు ఏ భాష నుంచి వచ్చిందో చూడు.

మన మాటలూ ఉన్నాయి, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువు తిరగెయ్యి, కానీ అందులో కనపడిందల్లా అవ్వ నోట్లో పెట్టేయకు, మీ ఊళ్లో పాత నూనె అంగడోళ్లను అడిగి రాయి. తేలకపోతే అవ్వ చేత పిల్లోడికి సీసా ఇప్పిచ్చి "మెడ దాకా పోయించుకో రా" అనిపిచ్చు, చాలు.

మార్చి మళ్లీ పంపు. ముసలాయన జోకు ఉండనీ, నోటు తీసెయ్.